చెవిలో పాటకు హద్దు: ఫోన్‌లో, చిన్న ప్లేయర్‌లో సౌండ్ కట్టడి చేసుకోవడం ఎలా

బరంపురంలో సూరత్ బండి ఎక్కితే దిగేసరికి ఒక రోజు దాటిపోతుంది. కిటికీలు తెరిచిన స్లీపర్ పెట్టె, పట్టాల మోత, ఎదురు బెర్తులో ఒకరు ఒడియాలో, పై బెర్తులో ఇంకొకరు తెలుగులో ఫోన్ మాటలు. ఆ గోలలో పాట వినబడాలంటే సౌండ్ పెంచక తప్పదనిపిస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, పెంచింది తగ్గించడం ఎవరికీ గుర్తుండదు. బండి రాయగడలో ఆగి చుట్టూ సద్దుమణిగినా చెవిలో మాత్రం అదే జోరు.

లోపలి చెవిలో వెంట్రుకల్లాంటి సన్నని కణాలు ఒక్కో వైపు సుమారు 15 వేలు ఉంటాయి. శబ్దాన్ని నరానికి అందించేవి అవే. గట్టి శబ్దానికి అవి అలసిపోతాయి, విశ్రాంతి ఇస్తే కొంత కోలుకుంటాయి. చనిపోతే మాత్రం మళ్ళీ మొలవవు. అందుకే పాటల ప్లేయర్ల మీద దేశదేశాల్లో నిబంధనలు వచ్చాయి. ఆ నిబంధనల వెనక ఉన్న లెక్కను మీ ఫోన్‌కూ, కీప్యాడ్ సెట్‌కూ, పిల్లల హెడ్‌ఫోన్‌కూ ఎలా పట్టించాలో కింద చెబుతున్నాం.

ముందు లెక్క తెలుసుకోండి

ఫ్రాన్స్ 1996లోనే చేత పట్టుకు తిరిగే ప్లేయర్ల సౌండ్ 100 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) దాటకూడదని చట్టం చేసింది. 2009లో యూరోపియన్ కమిషన్ ఇంకో అడుగు వేసి, ఎంత గట్టిగా అన్నదానికి ఎంతసేపు అన్నది జోడించింది: 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, 89 అయితే 5 గంటలు. ఆ తర్వాత అక్కడి ప్రమాణాల్లో చేరిన పద్ధతి ఇది: ప్లేయర్ మామూలుగా 85 దగ్గర ఆగాలి, దాటాలంటే వినేవాళ్ళు హెచ్చరిక చదివి ఒప్పుకోవాలి, ఒప్పుకున్నా 100 దాటకూడదు. 20 గంటలు విన్నాక హెచ్చరిక మళ్ళీ రావాలి. మీ ఫోన్‌లో ఎప్పుడో ఒకసారి ఉన్నట్టుండి ‘ఎక్కువసేపు గట్టిగా వింటే చెవులకు హాని’ అని వచ్చేది ఇదే. చూడకుండా ఓకే నొక్కేస్తాం కదా, ఇకమీదట అలా నొక్కొద్దు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి 2018లో తెచ్చిన ‘హెచ్ 870’ ప్రమాణం పెద్దలకు వారానికి 80 డెసిబెల్స్ చొప్పున 40 గంటలు, పిల్లలకు 75 చొప్పున 40 గంటలు అంటుంది. దీన్నే వారం కోటా అనుకోండి.

డెసిబెల్స్ మామూలు కూడికలా పెరగవు. 3 పెరిగితే చెవిలోకి వెళ్ళే శక్తి రెట్టింపు, కాబట్టి వినే గంటలు సగం కావాలి. పెద్దవాళ్ళకు వారానికి:

80 దగ్గర 40 గంటలు
83 దగ్గర 20 గంటలు
86 దగ్గర 10 గంటలు
89 దగ్గర 5 గంటలు
92 దగ్గర రెండున్నర గంటలు
95 దగ్గర గంటంబావు
100 దగ్గర 24 నిమిషాలు

పిల్లలకు ఇదే పట్టికను 75 నుంచి మొదలుపెట్టాలి.

సాధనం పెట్టే లెక్క పాటల వరకే. చెవి మాత్రం అన్నీ కలిపే పద్దు రాసుకుంటుంది. సూరత్ మరమగ్గాల షెడ్డులో మోత 90 అనుకున్నా, 12 గంటల ఒక్క షిఫ్టుకే మూడు వారాల కోటా అయిపోతుంది. అలాంటి చోట పనిచేసి గదికి వచ్చి ఇయర్‌ఫోన్ పెట్టుకునేవాళ్ళకు పాటల కోసం మిగిలిందంటూ ఏమీ ఉండదు. పనిలో చెవులకు ప్లగ్గులు పెట్టుకోవడం వాళ్ళకు పాటల సౌండ్ తగ్గించడం కన్నా ముందు పని. బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి అమ్మవారి యాత్ర వచ్చినప్పుడు, పెళ్ళి ఊరేగింపుల్లో డీజే పెట్టెల పక్కన నడిచినప్పుడు కూడా అంతే. అలాంటి రాత్రి తర్వాత కనీసం ఒక రోజు చెవిలో ఏదీ పెట్టకండి.

మొదటి పని: ఇయర్‌ఫోన్ అట్ట చదవండి

చాలామంది ఫోన్ సెట్టింగ్‌తో మొదలుపెడతారు. కానీ ఫోన్ పంపేది కరెంటు. దాన్ని శబ్దంగా మార్చేది ఇయర్‌ఫోన్. యూరప్ పరీక్షలో ప్లేయర్‌ను, ఇయర్‌ఫోన్‌ను విడివిడిగా కొలుస్తారు. ప్లేయర్ 150 మిల్లీవోల్టుల కంటే ఎక్కువ వదలకూడదు. ఇయర్‌ఫోన్ 94 డెసిబెల్స్ మోగడానికి కనీసం 75 మిల్లీవోల్టులు అడగాలి. వోల్టేజీ రెట్టింపైతే శక్తి నాలుగింతలై 6 డెసిబెల్స్ పెరుగుతాయి కాబట్టి, రెండూ నియమం పాటిస్తే జత 100 దగ్గర ఆగుతుంది. ఒక్కటి తప్పినా లెక్క తప్పినట్టే.

అట్ట వెనక ‘సెన్సిటివిటీ’ (ఒక మిల్లీవాట్ అందితే ఎన్ని డెసిబెల్స్ మోగుతుందో), ‘ఇంపీడెన్స్’ (కరెంటును ఎంత అడ్డుకుంటుందో, ఓంలలో) అని రెండు అంకెలుంటాయి. 16 ఓంల ఇయర్‌ఫోన్‌కు మిల్లీవాట్‌కు 98 డెసిబెల్స్ అని ఉంటే అది పై నియమంలో ఇమిడినట్టే. 32 ఓంలదైతే 101 దాకా పరవాలేదు. అదే 16 ఓంలకు 110 అని ఉంటే, నియమం పాటించే ప్లేయర్‌కు తగిలించినా పూర్తి సౌండ్‌లో 111 దాటుతుంది. పైగా ఫోన్ 150కి బదులు అర వోల్టు వదిలితే ఇంకో 10 డెసిబెల్స్ కలుస్తాయి. సంతలో, రైల్లో అమ్మే చవక ఇయర్‌ఫోన్ల మీద అసలు అంకెలే ఉండవు. అలాంటివి కొనకండి. 110 అన్న అంకె చూసి ‘సౌండ్ బాగా వస్తుంది’ అని మెచ్చుకుని కొనేవాళ్ళున్నారు. ఈ ఒక్క విషయంలో చిన్న అంకే మంచిది.

ఇక చెవిలో సరిగ్గా కూర్చోవడం. అట్టలో మూడు సైజుల రబ్బరు టిప్పులు ఇస్తారు. ఎక్కువమంది మొదట బిగించి ఉన్నవే వాడతారు. మూడూ పెట్టి చూడండి. కుడి చెవికి ఒక సైజు, ఎడమ చెవికి ఇంకొక సైజు పట్టడం మామూలే. సరిగ్గా కూర్చుంటే మీ మాట మీకే కుండలో మాట్లాడినట్టు గుమ్మని వినిపిస్తుంది. అలా పట్టిన టిప్పు బయటి గోలను బాగా ఆపుతుంది, రైల్లో కూడా తక్కువ సౌండ్‌కే పాట తేటగా వినబడుతుంది. చెవి తొలి మలుపులో ఊరికే వేలాడే గట్టి ప్లాస్టిక్ రకం ఏ గోలనూ ఆపదు, అందుకే దానితో సౌండ్ పెంచుతూ పోతాం. రోజూ బస్సులో, రైల్లో తిరిగేవాళ్ళు బయటి శబ్దాన్ని రద్దు చేసే రకం కొనుక్కుంటే ఆ డబ్బు వృథా కాదు. ఇంజను, చక్రాల హోరు లాంటి బొంగురు శబ్దాలను అది బాగా తగ్గిస్తుంది.

ఒక్క జాగ్రత్త. పట్టాలు దాటేటప్పుడు, రోడ్డు మీద నడిచేటప్పుడు ఇదే గుణం ప్రాణం మీదికి తెస్తుంది. అక్కడ రెండు చెవుల్లోంచీ తీసేయండి.

రెండో పని: ఫోన్‌లో తాళం

సామ్‌సంగ్ ఫోన్లలో: సెట్టింగ్స్, సౌండ్స్ అండ్ వైబ్రేషన్, వాల్యూమ్. పైన మూల మూడు చుక్కలు నొక్కితే ‘మీడియా వాల్యూమ్ లిమిట్’ వస్తుంది. ఆన్ చేసి, గీతను జరిపి హద్దు పెట్టండి. అక్కడే పిన్ పెట్టే వీలుంది. పిల్లల ఫోన్ అయితే తప్పకుండా పెట్టండి.

ఐఫోన్‌లో: సెట్టింగ్స్, సౌండ్స్ అండ్ హ్యాప్టిక్స్, హెడ్‌ఫోన్ సేఫ్టీ. అక్కడి ‘రిడ్యూస్ లౌడ్ ఆడియో’ గీత 75 నుంచి 100 దాకా జరుగుతుంది. పెద్దలు 80 దగ్గర, పిల్లలు 75 దగ్గర పెట్టుకోండి. ఏడు రోజుల్లో ఎంత విన్నారో ఐఫోన్ లెక్కగట్టి, కోటా దాటితే చెబుతుంది. అయితే ఫోన్ కాల్స్ ఈ లెక్కలోకి రావు. రోజుకు రెండు గంటలు ఇంటికి ఫోన్ మాట్లాడేవాళ్ళు దాన్ని మనసులో కలుపుకోవాలి.

ఇతర ఆండ్రాయిడ్ ఫోన్లలో మెనూ పేర్లు కంపెనీకొకలా ఉంటాయి. మన ఇళ్ళలో ఒక ఫోన్ ఒడియాలో, ఇంకొకటి తెలుగులో ఉండటమూ కద్దు. సెట్టింగ్స్ పైన వెతికే పెట్టెలో వాల్యూమ్ అని ఆ ఫోన్ భాషలోనే కొట్టండి. హద్దు పెట్టే సౌకర్యం ఉంటే అక్కడ తేలుతుంది. లేకపోతే సౌండ్ మెట్లతో సరిపెట్టుకోవాలి. మామూలుగా 15 మెట్లుంటాయి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో పాట తేటగా వినబడే మెట్టు ఏదో చూసి గుర్తుపెట్టుకోండి. బయటికి వెళ్ళినా దానికి రెండు మెట్ల కంటే మించవద్దు.

తాళం వేసినా దొంగదారులు మూడున్నాయి. మొదటిది వాల్యూమ్ బూస్టర్ యాప్, ఉంటే తీసేయండి. రెండోది ఈక్వలైజర్, అంటే బేస్ నుంచి సన్నని స్వరాల దాకా విడివిడిగా పెంచే గీతలు. బేస్ కోసమని గీతలన్నీ పైకి లాగితే, వాల్యూమ్ అంకె కదలకుండానే మోత పెరుగుతుంది. బేస్ కావాలంటే మిగతా గీతలను కిందికి దించండి, చెవికి తేడా అదే తెలుస్తుంది. మూడోది బ్లూటూత్ నెక్‌బ్యాండ్. ఫోన్ సౌండూ నెక్‌బ్యాండ్ సౌండూ మామూలుగా కలిసే కదులుతాయి. డెవలపర్ ఆప్షన్స్‌లో ‘డిసేబుల్ అబ్సల్యూట్ వాల్యూమ్’ ఎవరైనా ఆన్ చేసి ఉంటే అవి విడిపోతాయి. ఫోన్‌లో హద్దు పెట్టినా మెడ దగ్గరి ప్లస్ బొత్తాంతో సౌండ్ పైకి పోతూనే ఉంటుంది. ఆ ఆప్షన్‌ను ఆఫ్‌లోనే ఉంచండి. ఐఫోన్‌లో అయితే బ్లూటూత్ జాబితాలో ఆ పరికరం పక్కనున్న ‘ఐ’ గుర్తు నొక్కి, డివైస్ టైప్‌ను హెడ్‌ఫోన్ అని పెట్టండి. స్పీకర్ అని ఉంటే ఫోన్ మీ చెవి లెక్క రాయదు.

మూడో పని: కీప్యాడ్ సెట్, మెమరీ కార్డు ప్లేయర్

గుణుపురం, మల్కన్‌గిరి వైపు పల్లెల్లో పొలంలోనూ, బరంపురంలో పట్టు మగ్గం ముందూ ఇప్పటికీ ఇవే ఎక్కువ. చాలావాటిలో హద్దు లేదు, హెచ్చరికా లేదు. వీటికి రెండు దారులు.

ఒకటి, పాటల్నే తగ్గించి ఎక్కించడం. కార్డులో పాటలు ఎక్కించే షాపుల కంప్యూటర్లో ‘ఎంపీ3గెయిన్’ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోవచ్చు. పాటలన్నీ అందులోకి లాగి, ట్రాక్ అనాలిసిస్ నొక్కితే ఒక్కో పాటకు ఒక అంకె చూపిస్తుంది. ఇది ఒక పాటతో ఇంకో పాటను పోల్చే అంకె మాత్రమే, మీ చెవిలో మోగే డెసిబెల్స్ కాదు. ఈ రెండూ కలిపేసుకుంటే మోసపోతాం. టార్గెట్ దగ్గర 89 అని ఉంటుంది. కొత్త సినిమా పాటలు దాదాపు అన్నీ అంతకు మించే చూపిస్తాయి. టార్గెట్‌ను 83 చేసి ట్రాక్ గెయిన్ నొక్కండి. 95 చూపించిన పాట 12 డెసిబెల్స్ తగ్గుతుంది. పాట నాణ్యత పోదు, ఎందుకంటే అది పాటను మళ్ళీ కుదించదు, ఫైల్‌లోని సౌండ్ అంకెను ఒకటిన్నర డెసిబెల్ మెట్లలో మారుస్తుందంతే. వద్దనుకుంటే వెనక్కి తిప్పవచ్చు. కార్డులోని పాటలన్నీ ఒకేసారి చేయాలి. సగం చేసి సగం వదిలేస్తే, మెల్లగా వస్తున్న పాటకు సౌండ్ పెంచుకున్నాక తర్వాతి పాట చెవి మీద పిడుగులా పడుతుంది.

ఈ పద్ధతికి లొంగనిది ఎఫ్ఎం రేడియో. దానికీ కలిపి పనిచేసేది రెండో దారి: తీగలో రెసిస్టర్, అంటే కరెంటును కొంత అడ్డే చిన్న భాగం.

మొబైల్ రిపేరు పని తెలిసిన వాళ్ళెవరైనా అరగంటలో చేయగలరు. కావలసినవి: ఒక చివర పిన్ను, ఇంకో చివర సాకెట్ ఉన్న 3.5 మిల్లీమీటర్ల పొడిగింపు తీగ ఒకటి (మైక్ లేని మూడు భాగాల పిన్నుది), పావు వాట్ 47 ఓంల రెసిస్టర్లు రెండు, వేడికి బిగుసుకునే సన్నని స్లీవ్, సోల్డర్. 47 ఓంలంటే పసుపు, ఊదా, నలుపు చారలు, చివర బంగారు రంగు చార.

పిన్ను నుంచి నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో తీగ పైతొడుగు చీల్చండి. లోపల మూడు తీగలుంటాయి: ఎడమ, కుడి, ఉమ్మడి తీగ. రంగులు నమ్మవద్దు, ఒక్కో తయారీకి ఒక్కో తీరు. మల్టీమీటర్‌తో చూడండి: పిన్ను కొన ఎడమ చెవిది, మధ్య కట్టు కుడి చెవిది, మొదలు దగ్గరిది ఉమ్మడి తీగ. ఎడమ తీగను కోసి మధ్యలో ఒక రెసిస్టర్, కుడి తీగను కోసి మధ్యలో ఇంకొకటి అతకండి. ఉమ్మడి తీగను ముట్టుకోవద్దు. అతుకుల మీద విడివిడిగా స్లీవ్ తొడిగి వేడిచేయండి. మళ్ళీ మీటర్ పెట్టి చూస్తే రెండు చెవుల దారుల్లోనూ 47 దగ్గరి అంకె, ఉమ్మడి దారిలో సున్నా దగ్గరి అంకె రావాలి.

16 ఓంల ఇయర్‌ఫోన్‌కు దీంతో 12 డెసిబెల్స్, 32 ఓంల దానికి 8 డెసిబెల్స్ తగ్గుతాయి.

పని చెడేది రెండు చోట్ల. సోల్డర్ అంటుకోకపోతే తీగ పనికిరాదని పారేయకండి. ఆ సన్నని తీగలకు రంగు లక్క పూత ఉంటుంది, వేడి కొనతో సోల్డర్ వేస్తూ రుద్ది పూత కాల్చాకే అతుకు పడుతుంది. రెండోది, పని తగ్గుతుందని ఒకే రెసిస్టర్‌ను ఉమ్మడి తీగలో పెట్టడం. అలా పెడితే రెండు చెవులకూ సమానంగా వచ్చే గాయకుడి గొంతు వెనక్కి పోయి, పక్కవాయిద్యాలు మాత్రం ముందుకొస్తాయి. పాట బోలుగా వినబడుతోందంటే తప్పు అక్కడుందన్న మాట.

నాలుగో పని: పిల్లల హెడ్‌ఫోన్

అట్ట మీద ‘85 డెసిబెల్స్ సేఫ్’ అని రాసి అమ్ముతారు. ఇక్కడ తల్లిదండ్రులు గట్టిగా ఆలోచించాలి. పిల్లల కోటా 75 దగ్గర 40 గంటలు. 85 అంటే దానికి పది రెట్ల శక్తి, అంటే వారానికి 4 గంటలే. రోజుకు అరగంట చిల్లర. ఆన్‌లైన్ పాఠాలూ వీడియోలూ కలిపి రోజుకు మూడు గంటలు పెట్టుకునే పిల్లవాడికి 85 హద్దు సరిపోదు. హెడ్‌ఫోన్‌లో హద్దు ఉన్నా, ఫోన్‌లోనూ పిన్‌తో హద్దు పెట్టండి. కొన్నిటికి తీగ మీద హద్దు మార్చే స్విచ్ ఉంటుంది, పిల్లల వేళ్ళకు అది దొరకడానికి ఎంతోసేపు పట్టదు. స్విచ్ లేనిది కొనండి. వీలైన చోట హెడ్‌ఫోన్ తీసేసి ఫోన్ స్పీకర్లో వినిపించండి.

ఐదో పని: సరిచూసుకోవడం

ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టి, దాని మైకుకు ఇయర్‌ఫోన్ ఆనించి కొలవడం నమ్మదగిన పని కాదు. ఫోన్ మైకు మాటల కోసం చేసింది, చెవి గొట్టంలో ఇయర్‌ఫోన్ మోగినట్టు దాని ముందు మోగదు. ఇంట్లో చేయగల పరీక్ష వేరే ఉంది. మామూలుగా వినే సౌండ్‌లో పాట పెట్టుకుని కూర్చోండి. చేయి చాచినంత దూరంలో తమ్ముణ్ణో చెల్లెలినో నిలబెట్టి, గొంతు పెంచకుండా ‘అన్నయ్యా, టీ తాగుతావేటి?’ అని అడగమనండి. ఏదో అంటున్నారని తెలిసి మాట పట్టుకోగలిగితే సరే. పెదాలు కదలడం తప్ప ఏమీ వినబడకపోతే రెండు మెట్లు దించి మళ్ళీ చూడండి. శబ్దం రద్దుచేసే రకానికి ఆ సౌకర్యం ఆపి ఈ పరీక్ష చేయాలి. ‘మీ పాట పక్కవాళ్ళకు వినబడుతోందా’ అన్న పరీక్ష రబ్బరు టిప్పుల వాటికి పనికిరాదు. అవి లోపల ఎంత మోగినా బయటికి రానివ్వవు.

మొదటి వారం తగ్గించిన సౌండ్ చప్పగా ఉంటుంది. ఓపిక పట్టండి, చెవి అలవాటుపడుతుంది.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి

ఇయర్‌ఫోన్ తీశాక చెవిలో గుయ్‌మని హోరు, దూది కుక్కినట్టు దిబ్బడ ఉంటే ఆ రోజు కోటా దాటినట్టే. మర్నాటికి తగ్గకపోతే, లేదా తరచూ వస్తుంటే చెవి డాక్టరుకు చూపించి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) అడగండి. శబ్దం వల్ల కలిగే నష్టం మొదట 4,000 హెర్ట్‌జ్ చుట్టుపక్కల గుంటలా కనబడుతుంది. మామూలు మాటలు అప్పటికింకా బాగానే వినబడతాయి, అందుకే నష్టం మొదలైనట్టు మనకు తెలియదు. మనిషి ఎదురుగా మాట్లాడితే వినబడి, నలుగురి మధ్య మాట కలగాపులగంగా అనిపిస్తే ఆలస్యం చేయవద్దు. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చెవి విభాగం ఉంది. వెళ్ళేటప్పుడు రోజుకు ఎన్ని గంటలు, ఏ మెట్టు మీద వింటున్నారో, మగ్గాల షెడ్డులోనో మిల్లులోనో ఎన్నేళ్ళు పనిచేశారో కాగితం మీద రాసుకెళ్ళండి. పరీక్షకు ముందు రోజంతా గట్టి శబ్దానికి దూరంగా ఉండాలి, లేకపోతే అలసిన చెవి ఉన్నదానికంటే ఎక్కువ నష్టం చూపిస్తుంది.

ఒక చెవి ఉన్నట్టుండి వినిపించడం మానేస్తే అది వేరే సంగతి. గులిమి అనుకుని నూనె పోసి, పుల్ల పెట్టి రోజులు గడపకండి. దానికి మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత బాగా పనిచేస్తుంది, అదే రోజు ఆసుపత్రికి బయలుదేరండి.